రెండుసార్లు వద్దు

విమానాశ్రయంలో రెండో అంతస్తులో అద్దాల తలుపు తోసుకుని లోపలికి వెళ్తే, తివాచీ ఎంత మెత్తగా ఉంటుందంటే ఎవరి అడుగు చప్పుడూ ఎవరికీ వినిపించదు. ఆ లాంజిలో పదమూడేళ్ళుగా ఎంగిలి ప్లేట్లు తీస్తున్న మనిషికి కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటుండేది. అది జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా అక్కరకు రాలేదు. తోటివాళ్ళందరికీ అతను వద్దుబాబు.

ఆ పేరెందుకు వచ్చిందో చెప్పాలంటే ముందు అక్కడి మర్యాద చెప్పాలి. టిప్పు పుచ్చుకోవడానికి కూడా శిక్షణ ఉంటుందని మీరెప్పుడైనా విన్నారా? అక్కడ ఉంది. ఉద్యోగంలో చేరిన మూడో రోజున శిక్షణ మేడం అందరినీ వరసగా నిలబెట్టి నేర్పుతుంది. ప్రయాణికుడు మొదటిసారి నోటు చాపితే నవ్వుతూ "వద్దండీ, ఇది మా డ్యూటీ" అనాలి. రెండోసారి చాపితే చేతులు రెండూ వెనక్కి కట్టుకుని "మీరు వచ్చారు, అదే చాలండీ" అనాలి. మూడోసారి కూడా చాపితే మాత్రం వద్దనకూడదు. అంటే అతిథిని అవమానించినట్టట. అప్పుడు రెండు చేతులా అందుకుని, ఎంతో చూడకుండా, లోపల వంటగదిలో ఉన్న డబ్బాలో వేయాలి. నెలాఖరున అందరూ పంచుకోవాలి.

ఈ మర్యాద రాసినవాడెవడో గానీ ఘటికుడు. టిప్పులు నిషేధించారన్న చెడ్డపేరు కంపెనీకి రాదు, టిప్పులు సిబ్బందికీ రావు. మనుషుల సంగతి మనకు తెలియనిదా? సగంమంది జేబులో చేయి పెట్టి, దాన్ని అక్కడే ఉంచేస్తారు. రెండోసారి ఇచ్చేవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మూడోసారి చేయి చాపే పుణ్యాత్ముణ్ణి చూడాలంటే ఏడాదిపాటు నిలబడాలి. అందుకని సిబ్బంది ఒక ఉపాయం కనిపెట్టారు. నోరు వద్దంటుంది, చేయి ముందుకొస్తుంది. ఆ వద్దండీని ఎంత నీరసంగా అంటారంటే, వినేవాడికి ఇచ్చిపోవయ్యా అన్నట్టే ఉంటుంది.

వద్దుబాబుకు ఆ విద్య పట్టుబడలేదు. అతను వద్దంటే నిజంగానే వద్దన్నట్టు ఉండేది. నోటు తిరిగి జేబులోకి వెళ్ళేటప్పుడు పెద్దమనుషుల ముఖాల్లో కనిపించే ఆ తేలికను పదమూడేళ్ళు చూశాడు. అతని వల్ల ఆ డబ్బా ఒక్కనాడూ బరువెక్కలేదు. అందుకని నెలాఖరు పంపకాల్లో తన వాటాను కూడా వద్దనేవాడు. పేరు అక్కడే ఖాయమైంది.

ఇదంతా నిజాయితీ అనుకునేరు. కాదు, భయం. అక్కంటే భయం.

అక్క సిటీ బస్సులో కండక్టరుగా ముప్ఫై ఏళ్ళు చేసింది. తల్లీ తండ్రీ ఏడాది తేడాలో పోతే, ఆరేళ్ళ తమ్ముణ్ణి తన దగ్గర పెట్టుకుని పెంచింది. నిండు బస్సులో వెనక మెట్టు మీద నిలబడి "ముందుకు జరగండి, కుదురుగా ఇంటికెళ్ళి నిలబడుదురు గానీ" అని ఆమె అరిస్తే డ్రైవరు కూడా సీట్లో ముందుకు జరిగేవాడు. కట్టుకున్నవాడు ఆ గొంతును మూడేళ్ళు విని, ఒక పొద్దున చెప్పులు కూడా మర్చిపోయి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆమె తన గొంతునంతా తమ్ముడికే కేటాయించింది. అతను నమిలే చప్పుడు మీద, చెప్పులు విడిచే తీరు మీద, తుమ్మే వేళ మీద కూడా ఆమెకు అభ్యంతరాలుండేవి. తమ్ముడూ అన్న పిలుపు కంటే సన్నాసీ అన్న పిలుపే అతనికి ఎక్కువ తెలుసు. పెళ్ళి సంబంధాలు రెండు మూడు వచ్చాయి గానీ, వచ్చినవాళ్ళు అక్క మాట్లాడటం మొదలుపెట్టాక మంచినీళ్ళు కూడా పూర్తిగా తాగకుండా లేచారు.

తమ్ముడికి ఎనిమిదేళ్ళప్పుడు బడికి సెలవైతే ఆమె వాణ్ణి బస్సులోనే తిప్పేది. ఒకరోజు ఒకాయన సంచి పట్టుకున్నందుకు నాణెం ఇస్తే వాడు పుచ్చుకున్నాడు. ఆమె చూసింది. ఈల ఊది బస్సాపించి, దిగిపోయిన ఆ మనిషి వెనకాల వాణ్ణి పరిగెత్తించి, నాణెం తిరిగి ఇప్పించింది. బస్సు బస్సంతా కిటికీల్లోంచి చూస్తూనే ఉంది.

"ఇంకోసారి ఎవడి ముందైనా చేయి చాపావంటే విరిచి నీ చేతిలోనే పెడతా, సన్నాసీ!" అంది.

అన్నంత పనీ చేసే మనిషని వాడికి తెలుసు.

అలాంటి గొంతు బొంగురుపోయింది. మొదట జలుబన్నారు. తర్వాత ముప్ఫై ఏళ్ళు అరిచావు కదా, అరిగిపోదా అన్నారు. చివరికి ఆసుపత్రిలో గొంతులోకి గొట్టం పంపి చూసిన డాక్టరమ్మ తమ్ముణ్ణి వరండాలోకి పిలిచింది.

"గొంతులో గడ్డ ఉంది. మంచి గడ్డ కాదు. ఆరు వారాల్లోపు లేజరుతో తీయగలిగితే మాట మిగులుతుంది. ఆలస్యమైతే గొంతుపెట్టె మొత్తం తీసేయాలి. ప్రాణానికి భయం లేదు గానీ, ఇక మాట ఉండదు."

ఆ లేజరు పని చేతనైనవాడు ఊరు మొత్తానికి ఒక్కడే. ఆయన దగ్గర వరస ఐదు నెలలుంది. వరండా గోడ మీద ఆయన ఫొటో చూసి వద్దుబాబు నోరు తెరిచాడు. ప్రతి మంగళవారం పొద్దున లాంజిలో స్తంభం పక్క కుర్చీలో కూర్చుని, తన చేత్తో ఇచ్చిన చక్కెర లేని కాఫీ తాగి, ఇంకో ఊరి ఆసుపత్రికి ఎగిరిపోయే మనిషే ఆయన.

ఇంటికొచ్చి ఆ మాట చెబితే అక్క ఇంతెత్తున లేచింది. గొంతు బొంగురుగా ఉన్నా తిట్టు మాత్రం పదునుగానే ఉంది.

"ఎవడి కాళ్ళూ పట్టుకోకు. వరసలో ఉన్నవాళ్ళని తోసుకుని ముందుకొచ్చినవాళ్ళని ముప్ఫై ఏళ్ళు బస్సు దింపేశాను. ఇప్పుడు నేనే తోసుకెళ్ళనా? ఐదు నెలలంటే ఐదు నెలలే. ఈలోగా తిట్టాల్సినవన్నీ ముందే తిట్టేస్తాను, అలా కూర్చో."

ఆమెకు అతను ఆరు వారాల సంగతి చెప్పలేదు. పైగా లాంజిలో ఇంకో నియమం ఉంది. సిబ్బంది ప్రయాణికులను సొంత పనికి ఏమీ అడగకూడదు. అడిగితే ఆ రోజే ఇంటికి పంపిస్తారు. అయినా అడగాలనే అనుకున్నాడు. ఒక మంగళవారం కప్పు పెట్టి గొంతు సవరించుకున్నాడు, నీళ్ళు నమిలాడు, చక్కెర కావాలా సార్ అని అడిగాడు. చక్కెర వేసుకోని మనిషిని! ఇంకో మంగళవారం అదీ అడగలేకపోయాడు. అలా మూడు వారాలు వృథా చేశాడు.

చూసి చూసి కాఫీ వదినకు ఒళ్ళు మండింది. కాఫీ యంత్రం దగ్గర నిలబడే ఆవిడ అక్కడ అందరికీ వదినే. నాలుగో మంగళవారం డాక్టరు తొందర మీదుండి కాఫీ కోసం తనే కౌంటరు దగ్గరికి వచ్చాడు. వద్దుబాబు అటు చివర టేబుళ్ళు తుడుస్తున్నాడు. వదిన కప్పు నింపుతూ, తల ఎత్తకుండా, ఊపిరి తీసుకోకుండా మొత్తం చెప్పేసింది. డాక్టరు విన్నాడు. ఏ డాక్టరు చూశారని అడిగాడు, వయసెంతని అడిగాడు.

"ఈ గురువారం ఒకటి ఖాళీ అయింది. ఆ పేషెంటుకి జ్వరం వచ్చింది" అని జేబులోంచి చీటీల పుస్తకం తీసి, రెండు వాక్యాలు రాసి, సంతకం పెట్టి, చించి ఆవిడకు ఇవ్వబోయాడు.

"నాకొద్దు సార్. సరిగ్గా నా నెత్తి మీదే కెమెరా ఉంది. మేం అడిగామని తెలిస్తే ఇద్దరి ఉద్యోగాలూ పోతాయి. చిన్నగా మడిచి, అందరూ ఇచ్చినట్టే గుట్టుగా అతని చేతిలో పెట్టేయండి. నేను చెప్పానని మాత్రం అనకండి, అభిమానం గల మనిషి."

ఇంత తెలివిగా ఆలోచించిన ఆడమనిషి, వెంటనే వెళ్ళి అతని చెవిలో ఒక్క ముక్క వేస్తే సరిపోయేది. వేసేదే. అదే క్షణాన పాల పెట్టెలు వచ్చాయి, సంతకం చేయమని వెనక గుమ్మం నుంచి కేక వచ్చింది. పది నిమిషాల పని. తర్వాత చెబుదాంలే, కాగితం చూస్తే ఎలాగూ తెలుస్తుందిగా అనుకుని వెళ్ళింది.

డాక్టరు స్తంభం దగ్గరికి వచ్చాడు. నిలబడే కాఫీ తాగాడు. కప్పు తీసుకోవడానికి వద్దుబాబు ట్రే పట్టుకుని వచ్చేసరికి, నాలుగు మడతలు పెట్టిన కాగితాన్ని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, నడుము ఎత్తులో, ఎవరికీ కనబడకుండా ముందుకు చాపాడు.

వద్దుబాబు దాన్ని నోటనుకున్నాడు. మూడేళ్ళుగా ఒక్క పైసా ఇవ్వని మనిషి ఇవాళ టిప్పు ఇస్తున్నాడు. ఇప్పుడు తీసుకుంటే తను ఈయన ముందు చేయి చాపినవాడైపోతాడు. డబ్బు పుచ్చుకున్న నోటితో వచ్చే మంగళవారం అక్క సంగతి ఎలా అడుగుతాడు? ఇంకా కావాలా అనుకోడూ? అదే ఇప్పుడు తీసుకోకపోతే ఆయన కంట్లో మనిషిగా నిలబడతాడు. అప్పుడు అడగొచ్చు. ఇన్నేళ్ళలో అతను ఇంత లోతుగా ఆలోచించింది ఆ ఒక్కసారే.

"వద్దండీ, ఇది మా డ్యూటీ" అన్నాడు నవ్వుతూ.

డాక్టరు కనుబొమలు ముడిపడ్డాయి. పక్క కుర్చీలో ఎవరో పేపరు చదువుతున్నారు. గొంతు తగ్గించి, "తీసుకోవయ్యా. మీ ఇంట్లోవాళ్ళకి పనికొస్తుంది" అని మళ్ళీ చాపాడు.

ఇంట్లోవాళ్ళు అన్న మాట వినగానే వద్దుబాబుకు అభిమానం పొడుచుకొచ్చింది. ట్రే టేబులు మీద పెట్టాడు. చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాడు. "మీరు వచ్చారు, అదే చాలండీ" అన్నాడు. ఎంత బాగా అన్నాడంటే, శిక్షణ మేడం ఉంటే ముద్దు పెట్టుకునేది.

ఆ డాక్టరు చుట్టూ మనుషులు ఏళ్ళ తరబడి తిరుగుతారు. మంత్రుల చేత ఫోన్లు చేయిస్తారు, కారుకు అడ్డం పడతారు. ఆయన తనంతట తాను చేయి చాపి ఇవ్వడమే వింత, దాన్ని ఇంకొకడు వద్దనడం అంతకంటే వింత. ఆపరేషనంటే భయపడి తప్పించుకునే బంధువులను ఆయన బోలెడంతమందిని చూశాడు. ఇతనూ అంతే అనుకున్నాడు. కాగితం కోటు జేబులోకి వెళ్ళింది.

"సరే, నీ ఇష్టం" అని పెట్టె లాక్కుంటూ వెళ్ళిపోయాడు.

వద్దుబాబు కప్పు తీసి, టేబులు తుడిచి, పదమూడేళ్ళలో మొదటిసారి తన మీద తనకే గౌరవం కలిగి, ఈలవేసుకుంటూ వంటగదిలోకి వచ్చాడు. పాల పెట్టెలు దించుతున్న వదిన చేయి ఆపింది.

"ఇచ్చాడా?"

"ఇచ్చాడు వదినా. వద్దన్నాను."

"ఏం వద్దన్నావు?"

"టిప్పు."

వదిన చేతిలోని పెట్టె కింద పడింది. ఆవిడ ఏడుస్తూ చెప్పిన నాలుగు మాటల్లో మూడోది వినేసరికే అతను పరిగెత్తాడు. లాంజి సిబ్బంది పాసు లాంజి తలుపు దాకే పనికొస్తుంది. గేటు దగ్గర కాపలావాడు అడ్డంగా చేయి పెట్టి, పాసు తిప్పి చూసి, వెనక్కి పంపించాడు. అవతల అద్దంలోంచి విమానం తలుపు మూయడం కనిపించింది.

లాకరులోంచి ఫోను తీసి ఆసుపత్రికి చేశాడు. డాక్టరు దగ్గర తేదీలు చూసే అమ్మాయి పలికింది.

"ఆయన విమానం ఎక్కే ముందే చెప్పారండీ. వాళ్ళు వద్దన్నారట, వరసలో తర్వాతివాళ్ళకి ఇచ్చేయమన్నారు. వాళ్ళకి ఫోన్ చేశాం. బయల్దేరామన్నారు కూడా."

"వాళ్ళు వద్దనలేదమ్మా. వాళ్ళకసలు తెలీదు."

"మరి వద్దన్నదెవరండీ?"

"నేనే" అన్నాడు.

"మీరేనా? మరి ఇంకేంటండీ?" అంది ఆ అమ్మాయి. ఫోను పెట్టేసింది. ఆ అమ్మాయిని తప్పుపట్టడానికి నాకు నోరు రావడం లేదు.

ఆ సాయంత్రమే మేనేజరు పిలిచాడు. కెమెరా చూసి ఉద్యోగం పీకేస్తాడనుకుని వెళ్ళాడు. పీకినా బాగుండేది. మేనేజరు కుర్చీలోంచి లేచి భుజం తట్టాడు.

"ఏం చేశావయ్యా! ఈ నెలంతా ప్రయాణికుల వేషంలో తనిఖీవాళ్ళు తిరుగుతున్నారు, మన పరువు నిలబెట్టావు. చూడు, చూడు" అని తెర అతని వైపు తిప్పి చూపించాడు. తెర మీద డాక్టరు చేయి ముందుకొచ్చింది. వద్దుబాబు నవ్వాడు. చేయి మళ్ళీ వచ్చింది. వద్దుబాబు చేతులు కట్టుకున్నాడు. మాటలు వినిపించవు, బొమ్మ మాత్రమే.

ఆ ముక్కను శిక్షణలో పెట్టారు. కొత్తగా చేరిన ప్రతి బ్యాచికీ మూడో రోజున చూపిస్తారు. ఆ వేళకు డ్యూటీలో ఉంటే అతన్ని కూడా పిలిచి పక్కన నిలబెడతారు. "చేతులు ఎక్కడున్నాయో గమనించండి. ముఖంలో ఆశ కనిపిస్తోందా? లేదు కదా?" అని శిక్షణ మేడం బొమ్మను ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ నడిపిస్తుంది. డాక్టరు కాగితం జేబులో పెట్టుకోవడం అతను ఎన్నిసార్లు చూశాడో అతనికే తెలియదు. చివర్లో అందరూ చప్పట్లు కొడతారు. అతను దండం పెడతాడు.

మరుసటి మంగళవారం ఉద్యోగం పోతే పోయిందని డాక్టరు కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూలబడ్డాడు. "సార్, అది మా అక్క చీటీ అని నాకు తెలీదు సార్" అన్నాడు.

డాక్టరు నొచ్చుకున్నాడు. రాయి కాదు కదా, మనిషే. "రెండుసార్లు ఇచ్చాను కదయ్యా. ఆ రోజు తీసుకోవాల్సింది. ఇప్పుడు నా చేతిలో ఏం లేదు. మధ్యలో ఎవరైనా మానుకుంటే చెప్పిస్తాను" అన్నాడు. లేస్తూ, ఏమనుకున్నాడో, పర్సు తెరిచి పెద్ద నోటు ఒకటి తీశాడు. వద్దుబాబు మొదటిసారికే తీసుకున్నాడు. ఎందుకు తీసుకున్నాడో అడక్కండి. ఆయన చేతిలోంచి వచ్చేదేదైనా ఇక వద్దనే ధైర్యం అతనికి లేదు. ఆనాటి బొమ్మను మాత్రం ఎవరూ తిప్పి చూడలేదు.

మిగిలిన రెండు వారాల్లో ఎవరూ మానుకోలేదు. గొంతు దక్కే అవకాశాన్ని ఎవరు వదులుకుంటారు? గడువు దాటింది. గడ్డ లోపలికి పాకిందని, ఇక మొత్తం తీసేయాల్సిందేనని డాక్టరమ్మ రాసిచ్చింది. అక్కకు అతను తేదీ దొరకలేదని ఒక్కటే చెప్పాడు. చీటీ సంగతి చెప్పలేదు. రేపు చెబుదాం, మాపు చెబుదాం అని నాన్చాడు. ఆమె తిట్టే ఓపిక రోజురోజుకీ తగ్గుతుంటే, తిట్టించుకోవాల్సినవాడు దాక్కున్నాడు.

ఆపరేషను రోజు పొద్దున మంచం మీద కూర్చుని అక్క ఆ మిగిలిన బొంగురు గొంతుతోనే దుప్పటి మీద మరకను తిట్టింది, ఫ్యాను చప్పుడును తిట్టింది, నర్సు జడను తిట్టింది. తర్వాత తమ్ముణ్ణి దగ్గరికి రమ్మంది. వచ్చాడు. అతని కుడిచేయి పట్టుకుంది.

"ఒరే, నిన్ను నేనెప్పుడూ మెచ్చుకోలేదు. మెచ్చుకుంటే చెడిపోతావని. ఇక మీదట మెచ్చుకుందామన్నా గొంతుండదు కాబట్టి ఇప్పుడే చెప్తున్నా. ఎవడి ముందూ చేయి చాపకుండా బతికావు. అది నా పెంపకం. నాకు గొంతు పోతుందన్న దిగులు లేదురా. గొంతు ఖర్చుపెట్టినందుకు ఫలితం దక్కింది."

అతను నోరు తెరిచాడు. ఆ ముఖంలో ఉన్న సంతోషం చూసి మూసేశాడు. ఇంతలో తోపుడు మంచం వచ్చింది. ఆమె చివరిగా పలికిన మాట "జాగ్రత్తగా తోయవయ్యా, సరుకు బస్తా అనుకుంటున్నావా" అన్నది. అది ఆ మంచం తోసేవాడికి దక్కింది.

మెడ కింద చిన్న రంధ్రంతో, చేతిలో పలకతో అక్క ఇంటికి వచ్చింది. పలక మీద "ఉప్పు ఎక్కువ", "కిటికీ మూయి", "చెప్పులు సరిగా పెట్టు" అని రాసేది. తిట్టు రాయాలంటే చోటు సరిపోదు. రాసేలోగా కోపం చల్లారిపోతుంది. ఇల్లు లాంజిలాగే నిశ్శబ్దంగా తయారైంది. అతనికి తిండి సయించలేదు, నిద్ర పట్టలేదు. చిన్నప్పటి నుంచీ తప్పు చేస్తే తిట్లు తిన్నాకే కంటి మీద కునుకు పడేది. ఈ తప్పుకు ఇంకా తిట్లు పడలేదు.

పన్నెండో రోజు మధ్యాహ్నం ఇక ఆగలేక ఆమె మంచం పక్కన నేల మీద కూర్చుని మొత్తం చెప్పేశాడు. వదిన, కెమెరా, నాలుగు మడతల కాగితం, రెండుసార్లు వద్దనడం, శిక్షణ గదిలో చప్పట్లు. ఏదీ దాచలేదు. నువ్వు మెచ్చుకున్నావే, ఆ బుద్ధే నీ గొంతు తీసిందని కూడా చెప్పాడు. చెప్పి పలకను ఆమె ఒళ్ళో పెట్టి, తల వంచుకుని కూర్చున్నాడు.

ఆమె పలక తీసి పక్కన పడేసింది. చప్పుడుకు అతను తలెత్తాడు. ఆమె నోరు తెరిచింది. పెదవులు కదిలాయి. మెడ నరాలు ఉబ్బాయి, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, వేలు గాల్లో ఆడింది, రంధ్రంలోంచి గాలి బుస్సుబుస్సుమంది. ఒక మాట కాదు, రెండు కాదు, అంతా ఒక్క ఊపున, నిండు బస్సులో అరిచినట్టే మాట్లాడుతోంది. అతను ఆ పెదవుల వంకే గుడ్లప్పగించి చూశాడు. ముప్ఫై అయిదేళ్ళు తల వంచుకుని విన్నవాడు, అక్క మాట్లాడేటప్పుడు ఆమె నోరెలా కదులుతుందో ఒక్కనాడూ చూడలేదు. ఒక్క ముక్క కూడా అర్థం కాలేదు.

"అక్కా, మెల్లిగా చెప్పవే. తిడుతున్నావా? ఏమంటున్నావే? రాసి చూపించవే" అని పలక తెచ్చి చేతికిచ్చాడు.

ఆమె పలక తోసేసింది. చెప్పాల్సిందంతా చివరిదాకా చెప్పి, ఆయాసం తీర్చుకుని, గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ మాటలేమిటో ఈనాటికీ రాయలేదు.